గురువారం నాటి కేకు

ముప్పై మూడేళ్ళు ఉద్యోగం చేశాను. చాలామంది మీద అరిచాను, కొందరిని ఏడిపించాను కూడా. పని ఆగితే నాకు ఒళ్ళు మండుతుంది, ఒళ్ళు మండితే నోరు ఊరుకోదు. ఆ అరుపుల్లో దేనికీ నేను పెద్దగా బాధపడింది లేదు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమనేది ఒక్కదానికే. అది అరుపు కాదు, కేకు ముక్క.

ఒక వేసవి గురువారం పదకొండున్నరకి, అందరూ చప్పట్లు కొడుతుండగా, నా పక్క బల్ల దగ్గర పందొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి నోట్లో ఆ ముక్క పెట్టాను. ఆమె ఉపవాసంలో ఉంది. కూతురి కడుపులో బిడ్డ నిలబడాలని మొక్కుకుని నలభై రోజుల ఉపవాసం పట్టింది. దాదాపు అన్ని రోజులూ నిష్ఠగా గడిచి, చివరికి వచ్చేసరికి, దాన్ని నేను నవ్వుతూ, ఫొటో తీయించుకుంటూ, నా చేత్తో పాడుచేశాను.

మాది చోడవరంలో ఒక చిన్న ఆఫీసు. సర్టిఫికెట్లకీ అర్జీలకీ జనం వస్తారు. అక్కడ మనుషులకి పేర్లకంటే ఊళ్ళే ఎక్కువ అతుక్కుంటాయి. నేను సూపరింటెండెంటునే అయినా అందరికీ బుచ్చయ్యపేట మేడమ్‌ని. పెళ్ళయి వచ్చి ముప్పై ఏళ్ళు చోడవరంలోనే ఉన్నా ఆ పేరు మారలేదు. పోయినేడు రిటైరయ్యాక కూడా కూరల బజార్లో అదే పిలుపు. కె.కోటపాడు నుంచి వచ్చిన సీనియర్ అసిస్టెంటు కోటపాడు మేడమ్. నేను చెప్పబోయేది ఆమె గురించే. ఇక మా అటెండరు మాడుగులాయన.

ఆ కేకు దాకా ఎలా వెళ్ళామో చెప్పాలంటే ముందు మా దినాల గురించి చెప్పాలి. ప్రపంచంలో ఎన్ని దినాలున్నాయో అన్నీ మేం జరపాలని పైనుంచి ఆర్డరు. నీటి దినం, చేతులు కడుక్కునే దినం, యోగా దినం, భూమి దినం. ఫ్లెక్సీ వెనకపెట్టుకుని అందరం నిలబడి ఫొటో దిగాలి, పన్నెండులోపు గ్రూపులో పెట్టాలి. దినానికొక ఫ్లెక్సీ ఎక్కడ తేగలం? మధ్యలో ఖాళీ ఉంచి ఒకటే కొట్టించాం. ఏ దినమైతే ఆ కాగితం ఆ ఖాళీలో అంటించేవాళ్ళం. నీటి దినం నాడు మా కుళాయిలో నీళ్ళు లేవు. పొగాకు వద్దనే దినం నాడు జనం తక్కువయ్యారని మాడుగులాయన, అర్జీ పట్టుకొచ్చిన ఒక ముసలమ్మని వరసలో నిలబెట్టాడు. ఆవిడ అడ్డపొగ మనిషి. చుట్ట నిప్పుని నోటి లోపలికి పెట్టుకుని, మూతి బిగించి, బుద్ధిగా నిలబడింది. మాకెవరికీ తెలియలేదు. ఫొటో అయ్యాక చుట్ట బయటికి తీసి, "ఏటి బాబూ, దేనికీ ఫొటో?" అని పొగ వదిలింది. అప్పటికే ఫొటో గ్రూపులోకి వెళ్ళిపోయింది.

ఆ ఏడు జనవరిలో కొత్త ఆఫీసరు వచ్చాడు. నా పెద్దకొడుకు వయసు. మంచివాడు, ఉత్సాహం ఎక్కువ. "మేడమ్, ఈ దినాలతో పాటు స్టాఫ్ అందరి పండగలూ ఆఫీసులో చేద్దాం. ఎవరూ తాము వేరు అనుకోకూడదు. ఆ చార్టు మీరే వెయ్యండి" అన్నాడు. నాకు భలే నచ్చింది. పెత్తనం అప్పగిస్తే నాకు నచ్చనిదేముంది? ఆ సాయంత్రమే స్కేలూ స్కెచ్ పెన్నులూ తెప్పించాను.

ఎలా వేశానో చెప్తే నవ్వుతారు. అర్జీదారు ఎవరొచ్చినా రెండు రుజువులు లేనిదే కాగితం ముట్టని మనిషిని నేను. ఆ రోజు మాత్రం గోడ మీది క్యాలెండరు దించి, ఎర్ర అంకెలన్నీ వెతికి, ఏది ఎవరిదో నాకు తోచినట్టు రాసేశాను. ఎర్ర అంకె ఉంటే పండగే. కోటపాడు మేడమ్ క్రైస్తవురాలు కాబట్టి క్రిస్మస్, గుడ్ ఫ్రైడే ఆమె ఖాతాలో పడ్డాయి. నాకు రెండడుగుల దూరంలో ఆమె కూర్చునుంది. తల తిప్పి ఒక్క మాట అడగలేదు.

గుడ్ ఫ్రైడే అంటే ఏమిటో నీకు తెలియదా అని మీరడగొచ్చు. ఏసుప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన రోజని చిన్నప్పుడు స్కూల్లో విన్నాను. కానీ నరకాసురుడు చచ్చిన రోజుకి తెల్లారుజామున లేచి తలంటుకుని కొత్తబట్టలు కట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని. చచ్చిందెవరో, దుఃఖం ఎవరిదో అంత దూరం ఆలోచించలేదు. పండగంటే పండగే అనుకున్నాను.

ఇప్పుడు ఆమె గురించి. నోట్లో వేలుపెట్టినా కొరకదనే మాట ఆమెలాంటివాళ్ళని చూసే పుట్టించి ఉంటారు. కౌంటరు దగ్గర ఎవరు ఎంత గొడవపడినా ఆమె గొంతు లేవదు. గొడవపడ్డవాడే కాసేపటికి సిగ్గుపడి కూర్చుంటాడు. నాకు ఏకాదశి ఉపవాసం ఉంది. మా అత్తగారు పోయేముందు నా చేత మాట తీసుకున్నారు. అప్పటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా నెలకి రెండు ఏకాదశులు. జ్వరంలోనూ తప్పలేదు, కొడుకు పెళ్ళిపనుల్లోనూ తప్పలేదు. ఏకాదశి నాడు మూడయ్యేసరికి నా కళ్ళు తిరుగుతాయని ఆమెకి తెలుసు. ఏమీ అనకుండా వచ్చి నా ముందున్న ఫైళ్ళు తన బల్ల మీదికి మార్చుకునేది. ఆ రోజు తన క్యారియరు వెనక వరండాలోకి పట్టుకెళ్ళి తినేది. ఆమె చేపల కూర వాసన నాదాకా రాకూడదని. పందొమ్మిదేళ్ళూ అలాగే జరిగింది. సూర్యుడు ఉదయించడం లాంటిదనుకున్నాను, ఎందుకు అలా అని ఆలోచించలేదు.

ఇంకోటి కూడా ఆలోచించలేదు. ఏటా ఎండలు మొదలయ్యే ముందు ఆమె వచ్చి, "మధ్యాహ్నం కౌంటరు నేను సూస్తాను మేడమ్గారూ, మీరంతా తినండి" అనేది. ఒకరోజు రెండు రోజులు కాదు, నెల పైన. మేమంతా లోపల క్యారియర్లు విప్పి కూరలు పంచుకుంటుంటే ఆమె కౌంటరు దగ్గర ఒక్కతే ఉండేది. నేను తిని చెయ్యి కడుక్కుంటూ, "వేసవొస్తే నీకు కౌంటరు మీద మోజు పుడతాదేటమ్మా!" అని హాస్యమాడేదాన్ని. ఆమె నవ్వేది. అవి వాళ్ళ ఉపవాసపు రోజులని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఉపవాసం ఉన్నట్టు నలుగురికీ చెప్పుకోకూడదని వాళ్ళ ఇంట్లో పెద్దలు నేర్పారట. అది తర్వాత తెలిసింది.

ఆ ఏడు ఆమెకి కూతురి దిగులు కూడా ఉంది. వైజాగ్‌లో కాపురం. రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఏడో నెల వచ్చింది. డాక్టరు మంచం దిగొద్దన్నారు. కోటపాడు మేడమ్ భర్త, రిటైరయిన మాస్టారు, కూతురి దగ్గరే ఉండిపోయారు. ఆమె సెలవులు దాచుకోవాలి, పురుడు ముందుంది. అందుకని చోడవరంలో అద్దింట్లో ఒక్కతే ఉంటూ ఆఫీసుకి వచ్చేది. మధ్యాహ్నం ఫోన్ మోగితే ఆమె చేతిలో ముద్ర వదిలేసి వరండాలోకి పరిగెత్తడం నేను చాలాసార్లు చూశాను. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలియనిదల్లా ఉపవాసం.

చార్టు ప్రకారం మొదటి క్రైస్తవ పండగ గుడ్ ఫ్రైడే. ఆ రోజు ఎలాగూ సెలవు కాబట్టి ముందురోజు గురువారం చేద్దామన్నాను. కేకుకి మాడుగులాయన్ని పంపాను. "గుడ్డు లేని కేకు తెప్పించు, నేనూ తినాలి గదా" అని మరీ చెప్పి పంపాను. చూడండి, నా నియమం నాకు గుర్తుంది. అతను అట్టపెట్టెతో వచ్చి, "బేకరీ ఆయన ఏటి రాయాలని రెండుపాలి అడిగేడు మేడమ్. గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలని సెప్పేను. నాకేసి అదోలా సూసేడు, ఎందుకో తెల్దు" అన్నాడు. వ్యాపారం చేసుకునేవాడికి రాయడానికి బద్ధకం అనుకున్నాను.

కేకు మీద క్రీమ్‌తో ఎర్రగులాబీలు. వెనక మా ఫ్లెక్సీ, ఖాళీలో కొత్త కాగితం. ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. "కోటపాడు మేడమ్, ఇలా రావాలి!" అని నేను గట్టిగా పిలిచి చప్పట్లు కొట్టాను. ఆమె కౌంటరు దగ్గర్నుంచి లేచి వచ్చింది. కేకు చూసింది. మీద అక్షరాలు చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. ఒక్క క్షణం ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. నేను ఆగితే కదా. చాకు చేతికిచ్చి, ఆ చేతి మీద నా చెయ్యి వేసి కోయించేశాను. పెద్ద ముక్క తీసి నోటి ముందు పెట్టాను. ఆమె నోరు తెరిచింది.

"మేడమ్, కళ్ళు మూసీసేరు ఫొటోలో. ఇంకోపాలి" అన్నాడు మాడుగులాయన. ఇంకో ముక్క తీసి మళ్ళీ పెట్టాను. ఆమె మళ్ళీ తిన్నది. నవ్వింది కూడా. అందరికీ థాంక్స్ చెప్పి వెళ్ళి కౌంటరు దగ్గర కూర్చుంది.

కాసేపటికి ఒక ముసలావిడ కౌంటరు ముందు బెంచీ మీద కనబడింది. తెల్ల చీర, చేతిలో అర్జీ. నేను మంచి ఊపు మీదున్నాను కదా, ఒక ముక్క కాగితం ప్లేటులో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఎవులిదమ్మా పుట్టినరోజు?" అంది.

"పుట్టినరోజు కాదు. రేపు గుడ్ ఫ్రైడే గదా. మా కోటపాడు మేడమ్ కోసరం సేసేం."

ఆవిడ ప్లేటుకేసి చూసి, దాన్ని తిరిగి నా చేతిలో పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నాకొద్దు తల్లీ. శ్రమదినాలు. ఈ నలభై రోజులూ మావోళ్ళు పొద్దు గూకీదాకా ఏటీ ముట్టరు. మీ మేడమ్ మా సంగమే, బస్టాండెనకాల సర్చి. ఆమె కూడా ఉపవాసమే. కూతురి కడుపు నిలబడాలని మొక్కుకుంది గదా. రోజూ సాయంత్రం ప్రార్థనకొచ్చి, అప్పుడు ఇంటికెళ్ళి ఇంత గంజి తాగుతాది. ఇంకెన్ని, రెండ్రోజులే. రేపు మూడింటికి ఆరాధనతోటి అయిపోతాది."

ఆవిడకి జరిగింది తెలియదు. నా మీద నేరం మోపడానికి అన్న మాట కాదది. అందుకే అంత లోతుగా దిగింది. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక మావాళ్ళు కేకు బాగుందని చెప్పుకుంటున్నారు.

నాకొక దుర్గుణం ఉంది. తప్పు నాదైనప్పుడే కోపం ఎక్కువొస్తుంది. సరాసరి కౌంటరు దగ్గరికి వెళ్ళి, "నోరుందా నీకు? ఉపవాసమని ఒక్క మాట అనలేవా? రెండుసార్లు పెడితే రెండుసార్లు తింటావా?" అని అందరి ముందూ అరిచేశాను. అర్జీలు పట్టుకున్నవాళ్ళు బెదిరిపోయి చూశారు. ఆమె కాగితం మీద ముద్ర వేసి, అవతలి మనిషికిచ్చి, తలెత్తి, "ఏటవదు మేడమ్గారూ. వదిలీండి" అంది. అప్పటికి పన్నెండు కాలేదు. మా ఫొటో కింద గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడుతున్నాయి.

ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు. ఏకాదశి నాడు ఎవరైనా నా నోట్లో ముద్ద పెడితే ఏం చేసేదాన్ని? ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆ మనిషి ముఖం మళ్ళీ చూసేదాన్ని కాదు. ఇక ఆ బిడ్డ సంగతి. దేవుడు పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారు కాడని నాకు తెలుసు. ఒక్క తప్పుకి ఒక పసిప్రాణాన్ని తీసుకుపోడనీ తెలుసు. తెలిస్తే మాత్రం భయం పోతుందా? ఏడో నెల, రెండుసార్లు పోయిన కడుపు. ఏదైనా అయితే ఆమె నన్ను ఒక్క మాట అనదు. అదే నాకు ఇంకా భయం.

శుక్రవారం పొద్దున్న మా ఆయన కాఫీ ఇస్తే వద్దన్నాను. "ఇవాళ ఏకాదశి కాదు గదా?" అన్నారు. కాదన్నాను. అడిగితే కరుస్తానని ఆయన ఇంకేం అడగలేదు. పదకొండున్నరకి చీర మార్చుకుని బస్టాండు వెనకున్న చర్చికి నడిచాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టాక తెలిసింది, అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఆడవాళ్ళంతా తెల్లచీరలు, తల మీద కొంగులు. నేనొక్కదాన్నే చిలకపచ్చ చీరలో, ఇంత బొట్టుతో. ఏం కట్టుకోవాలో కూడా ఎవర్నీ అడగలేదు నేను. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? తిరిగి వెళ్ళిపోదామనుకుంటుంటే, నిన్నటి ముసలావిడ చూసి జరిగి, చాప మీద పక్కన చోటిచ్చింది. కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నాను.

పన్నెండు నుంచి మూడు దాకా జరిగింది. చాలా మాటలు నాకు అర్థంకాలేదు. ఏడుపు మాత్రం అర్థమైంది. నా ముందు రెండు వరసల అవతల ఆమె వీపు కనబడుతోంది. వంగి ఉంది. ఒక్కసారి కూడా నిటారుగా కాలేదు. మూడు గంటలూ నేను ఆ వీపునే చూస్తూ, "ఆ పిల్లకి ఏమీ కానివ్వకు" అని వాళ్ళ దేవుడికీ మా దేవుడికీ కలిపి చెప్పుకున్నాను.

బయటికొచ్చాక చెప్పుల దగ్గర ఆమె నన్ను చూసి ఆగిపోయింది. "మేడమ్గారూ, మీరేటి ఇక్కడ?" అంది. నా చిలకపచ్చ చీర, నా ముఖం చూసి ఏమనుకుందో, చెయ్యి పట్టుకుని, "రండి, ఇంటికెళదాం" అంది.

ఆ అద్దింటి వరండాలో కుర్చీ వేసింది. రెండు గ్లాసుల్లో గంజి పోసి, పళ్ళెంలో ఉల్లిపాయా పచ్చి మామిడికాయ ముక్కలూ పెట్టి తెచ్చింది.

"నాకొద్దమ్మా. ఉపవాసం" అన్నాను.

"ఇవాళ మీ ఏకాదశి కాదు గదా!"

"నిన్న నీది నేను పాడుసేసేను. ఆ రోజుకి బదులు నేను ఉంటన్నాను. మీ దేవుడి పద్ధతి నాకు తెల్దు. నాకు తెలిసింది కార్తీక సోమారం ఉపవాసం. సుక్క కనబడేదాకా ఏటీ ముట్టను."

ఆమె గ్లాసులు రెండూ గట్టు మీద పెట్టింది. లోపలికెళ్ళి రెండు మూతలు తెచ్చి, రెండు గ్లాసుల మీదా పెట్టింది.

"నువ్వు తాగు. నీకు మూడింటికి అయిపోయింది గదా" అన్నాను.

"అయిపోతే తాగీయాలని రూలుందేటి? మీతోటే తాగుతాను."

ఇంకా మూడు గంటల పైన పొద్దుంది. ఇద్దరం ఆకలి కడుపులతో వరండాలో కూర్చున్నాం. కూతురు ఫోన్ చేసింది. బిడ్డ కదులుతోందని చెప్పిందట, ఆమె నాకు సైగ చేసి చెప్పింది. నేను ఊపిరి వదిలాను. ఎండ గోడ మీంచి దిగుతుండగా, నిన్నటి నుంచి అడగాలనుకుంటున్న మాట అడిగేశాను.

"ఒద్దనొచ్చు గదమ్మా. ఎందుకు తిన్నావు?"

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ చెప్పింది. "పందొమ్మిదేళ్ళయింది మేడమ్గారూ. వినాయకచవితికి పత్రి సర్దింది నేనే, దసరాకి బీరువాలకి బొట్లు పెట్టింది నేనే. నాకు సరదాగానే ఉండీది. కానీ నీ పండగేదని నన్ను ఎవులూ అడగనేదు. నిన్న మీరు సప్పట్లు కొట్టి పిలిసేరు. మీ మొకం సూసేను. సిన్నపిల్లకి కొత్తగౌను తొడిగినట్టు ఎంత సంబరంగా ఉన్నారో. ఆ మొకం మీద ఒద్దని ఎలాగంటాను?"

"మరి నీ మొక్కు?"

"దేవుడికి సెప్పుకున్నాను. మా మేడమ్గారు పెట్టేరు, తిన్నాను, నా కూతురి మీద పెట్టకు అని. ఆయనకి మీ సంగతి తెలీదేటి? మీ అరుపులు అంత దూరం వినబడవేటి?"

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఏడ్చేశాను. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో కొలీగు ముందు ఏడవడం అదే మొదలు. నేను ఏడిపించినవాళ్ళంతా చూసుంటే సంతోషించేవాళ్ళు. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఆకాశంలో సన్నటి మబ్బు. ఎంతకీ చుక్క కనబడదు. ఇద్దరం రోడ్డు మీదికొచ్చి మెడలు ఎత్తి నిలబడ్డాం. పోయేవాళ్ళు కూడా ఆగి పైకి చూసి, ఏమీ లేదని వెళ్ళిపోతున్నారు. చివరికి ఆమే చూసింది. "అదిగో మేడమ్గారూ, ఆ కొబ్బరిచెట్టు పక్కన. సూసేరా?" నా కళ్ళజోడుకి ఆనలేదు. అయినా ఆమె మాట మీద నమ్మకంతో లోపలికెళ్ళి గంజి తాగాను. చల్లారిపోయి గడ్డకట్టింది. అంత రుచి నేనెప్పుడూ ఎరగను.

సోమవారం ఆఫీసరు గదిలోకి వెళ్ళి చార్టు చింపేస్తున్నానని చెప్పాను. ఆయన జరిగింది విని, పాపం, తనే వెళ్ళి ఆమెకి సారీ చెప్పాడు. కొత్త చార్టు వేశాం. ఈసారి బల్ల బల్లకీ వెళ్ళి అడిగాను. నీ రోజులేవి? ఆ రోజుల్లో నీకేం కావాలి, ఏం వద్దు? కంప్యూటరు దగ్గర కూర్చునే అతను, రంజాన్ నెలలో సాయంత్రం అరగంట ముందు వదిలితే చాలన్నాడు. అతనికి నేను ఎన్ని సాయంత్రాలు అప్పుడే పని పురమాయించానో గుర్తొచ్చి సిగ్గేసింది. కోటపాడు మేడమ్ తన గడిలో, నలభై రోజులూ మధ్యాహ్నం కౌంటరు తనకే ఇమ్మని రాయించింది. "అన్నం వాసన లేని చోటు అదొక్కటే గదా" అంది. ఆ నలభై రోజులూ ఇకనుంచి నేను కూడా అక్కడే కూర్చుంటానన్నాను. మా ఫ్లెక్సీ, దాని మీద కాగితాలు మాత్రం పోలేదు. పైనుంచి వచ్చే దినాలు వస్తూనే ఉన్నాయి.

జూన్‌లో ఆమె సెలవు పెట్టి వైజాగ్ వెళ్ళింది. ఫోన్ చేస్తే ఇంకా లేదు, ఇంకా లేదు అనేది. నేను దేవుడి గదిలోకెళ్ళినప్పుడల్లా మా ఆయన ఆఫీసులో ఏదైనా ఎంక్వైరీ వచ్చిందా అని అడిగేవారు. ఒక పొద్దున్న ఫోనొచ్చింది. ఆడపిల్ల. నెలలు నిండే పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. నేను ఫోన్ పెట్టేసి మా ఆయన మీద ఊరికే అరిచాను. ఆయనకి విషయం అర్థమైపోయింది.

పదిహేను రోజుల తర్వాత ఆమె ఆఫీసుకొచ్చింది. బాగా చిక్కింది, కళ్ళకింద నలుపు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. చేతిలో మాడుగుల హల్వా పెట్టె. అందరూ చుట్టూ మూగారు. మాడుగులాయన, "మా ఊరి హల్వా తెచ్చి మమ్మల్ని గొప్పోళ్ళని సేసేరు మేడమ్" అని ఫోన్ తీశాడు, ఫొటోకి.

ఆమె ముందు నా దగ్గరికే వచ్చింది. నెయ్యి ఓడుతున్న ముక్క తీసి నా నోటిదాకా తెచ్చి, ఠక్కున ఆగింది. "ఉండండుండండి. ఇవాళ తినొచ్చా మీకు? ఏకాదశేటి కాదు గదా? ఆస్పత్రిలో ఇన్ని రోజులూ నాకు తిథి తెల్లేదు, వారం తెల్లేదు."

ఆ రోజు ఏకాదశి. అది ఆఫీసులో అందరికీ తెలుసు. పొద్దున్నే నాకు మంచినీళ్ళ సీసా నింపి పెట్టిన మాడుగులాయనకి ఇంకా బాగా తెలుసు. అతను నోరు తెరిచాడు. నేనొక చూపు చూశాను. నోరు మూసేశాడు.

"కాదమ్మా. ఏకాదశి నిన్న అయిపోయింది" అన్నాను. అని నోరు తెరిచాను.

మాడుగులాయన ఫొటో తీసి చూసుకున్నాడు. గొంతు సవరించుకుని, "మేడమ్, కళ్ళు మూసీసేరు" అన్నాడు.

"అయితే ఇంకోపాలి తియ్యి" అని మళ్ళీ నోరు తెరిచాను.